చెయ్యి లేని చేవ్రాలు

మీ ఈ-ఆధార్ పీడీఎఫ్‌ని ఫోన్‌లో కాకుండా ఒకసారి ల్యాప్‌టాప్‌లో, అడోబ్ రీడర్‌తో తెరిచి చూడండి. పాస్‌వర్డ్ అందరికీ తెలిసిందే: పేరులో మొదటి నాలుగు అక్షరాలు, వెంటనే పుట్టిన సంవత్సరం. లోపల సంతకం ఉండాల్సిన చోట చాలామందికి ఒక పసుపు ప్రశ్నార్థకం కనిపిస్తుంది. పక్కనే ‘వ్యాలిడిటీ అన్‌నోన్’ అని రాసి ఉంటుంది. మా హాస్టల్లో ఇది చూసి “ఒరేయ్, నాది ఫేక్ ఆధారా?” అని కంగారుపడ్డవాళ్లు ఉన్నారు. ఫేక్ కాదు. అలాగని ఆ గుర్తు ఊరికే పెట్టిందీ కాదు. అది అడిగే ప్రశ్న చాలా పాతది. ఈ సంతకం ఎవరిది? వాళ్లదే అని ఎవరు చెప్పారు?

సంతకానికి మన దగ్గర వాడే మిగతా మాటలు చూస్తే తమాషాగా ఉంటుంది. చేవ్రాలు అంటే చేతి రాత. హస్తాక్షరంలో హస్తం ఉంది. ఉర్దూ దస్తఖత్‌లో దస్త్ అంటే చెయ్యే. చదువు రానివాళ్లు వేసే నిశానీ కూడా వేలితోనే. ఇన్ని వందల ఏళ్లుగా సంతకం అంటే ఒక మనిషి చెయ్యి కాగితాన్ని తాకిందన్న గుర్తు. గొడవ వస్తే కోర్టు చేతిరాత నిపుణుణ్ణి పిలిచి వంపులు, ఒత్తులు పోల్చి చూడమంటుంది. కంప్యూటర్ సంతకంలో ఆ చెయ్యి లేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ మాత్రం తన ఆన్‌లైన్ సంతకం సేవకి ‘ఈ-హస్తాక్షర్’ అని పేరు పెట్టుకుంది, లేని హస్తాన్ని తలుచుకుంటున్నట్టు.

చెయ్యి లేకపోతే మరి దాని స్థానంలో ఏముంది? నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఈ ప్రశ్నే. తెల్లకాగితం మీద సంతకం పెట్టి, ఫోటో తీసి, బ్యాక్‌గ్రౌండ్ తీసేసి రికార్డు మొదటి పేజీలో అతికిస్తామే, చాలామంది దాన్నే డిజిటల్ సంతకం అనుకుంటున్నారు. అది బొమ్మ. ఒకసారి మీరు పంపిన ఫైల్ ఎవరి దగ్గరుంటే వాళ్లు ఆ బొమ్మని కత్తిరించి ఇంకో కాగితం మీద పెట్టుకోవచ్చు.

అసలు సంగతి హ్యాష్ దగ్గర మొదలవుతుంది. సీఎన్ఎస్ చదివినవాళ్లకి తెలుసు, చదవనివాళ్ల కోసం మన ఊళ్ల భాషలో చెబుతాను. ఊళ్లో ప్రామిసరీ నోటు రాసేటప్పుడు 1,00,000 అని అంకెల్లో రాసి ఊరుకోరు. “అక్షరాలా ఒక లక్ష రూపాయలు మాత్రమే” అని మళ్లీ రాస్తారు. ఎందుకంటే తర్వాత ఎవడైనా పక్కన ఒక సున్నా చేరిస్తే లక్ష పది లక్షలవుతుంది. ఆ ‘అక్షరాలా’, ఆ ‘మాత్రమే’, రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా పెట్టే సంతకం, ఇవన్నీ సంతకం అయ్యాక రాత మారకుండా మన పెద్దలు కట్టుకున్న కంచెలు. హ్యాష్ అదే పని చేస్తుంది. ఒక పేజీ ఫైల్ ఇచ్చినా, వెయ్యి పేజీల ఫైల్ ఇచ్చినా ఎస్‌హెచ్‌ఏ-256 దాన్నుంచి 256 బిట్ల సంఖ్య ఒకటి తీస్తుంది. రాస్తే 64 గుర్తులు. ఫైల్లో ఒక్క సున్నా చేర్చండి, ఒక కామా తీసేయండి, ఆ 64 గుర్తులూ గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి.

తర్వాత తాళంచెవుల జంట. 1976లో డిఫీ, హెల్‌మన్ ఈ ఆలోచన బయటపెట్టారు. 1977లో రివెస్ట్, షమీర్, ఎడిల్‌మన్ దాన్ని పనిచేసే పద్ధతిగా మార్చారు, మనం పరీక్షలో లెక్క చేసే ఆర్‌ఎస్‌ఏ అదే. ప్రైవేట్ కీ మీ దగ్గర మాత్రమే ఉంటుంది, పబ్లిక్ కీ ఊరందరి దగ్గరా ఉండొచ్చు. ఫైల్ హ్యాష్‌ని మీ ప్రైవేట్ కీతో మారిస్తే వచ్చేదే డిజిటల్ సంతకం. అవతలివాళ్లు మీ పబ్లిక్ కీతో దాన్ని విప్పి, తమ దగ్గరున్న ఫైల్ హ్యాష్‌తో పోల్చి చూస్తారు. రెండూ కలిస్తే ఒకేసారి రెండు విషయాలు తేలతాయి. ఫైల్ మారలేదు. ఆ ప్రైవేట్ కీ ఉన్నవాళ్లే సంతకం పెట్టారు.

ఆ చివరి వాక్యం ఇంకోసారి చదవండి. ‘మీరే’ పెట్టారు అని గణితం చెప్పదు. ‘ఆ కీ ఉన్నవాళ్లు’ అని మాత్రమే చెబుతుంది. ఆ కీ మీదే అని చెప్పడానికి ఒక సాక్షి కావాలి. రిజిస్ట్రార్ ఆఫీసులో “ఈయన ఫలానా ఆయనే, నేను ఎరుగుదును” అని ఇద్దరు సాక్షులు సంతకం పెడతారు కదా, ఇక్కడ ఆ పని సర్టిఫైయింగ్ అథారిటీది. మీ గుర్తింపు కాగితాలు చూసి, మీ పేరునీ మీ పబ్లిక్ కీనీ కలిపి ఒక సర్టిఫికెట్ ఇచ్చి, దాని మీద తన డిజిటల్ సంతకం పెడుతుంది. మరి ఆ సాక్షికి సాక్షి? కేంద్ర ప్రభుత్వం నియమించిన కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్, పొట్టిగా సీసీఏ. గొలుసు అక్కడితో ఆగుతుంది. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో రిజర్వ్ బ్యాంక్ 1996లో పెట్టిన ఐడీఆర్‌బీటీ కూడా బ్యాంకుల కోసం ఇలాంటి సర్టిఫికెట్లు ఇచ్చే లైసెన్సు తీసుకున్న సంస్థే. ఆ రోడ్డు మీద సిటీ బస్సులో ఎన్నిసార్లు వెళ్లి ఉంటామో, లోపల ఇలాంటి పని జరుగుతుందని మనలో ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు ఆ పసుపు ప్రశ్నార్థకం సంగతి. రీడర్ సాఫ్ట్‌వేర్ తన దగ్గర ముందే ఒక నమ్మకస్తుల జాబితా పెట్టుకుంటుంది. గొలుసు చివర ఉన్న పేరు ఆ జాబితాలో దొరక్కపోతే “లెక్క సరిపోయింది కానీ ఈ పెద్దమనిషి ఎవరో నాకు తెలియదు” అంటుంది. యూట్యూబ్ వీడియోల్లో “రైట్ క్లిక్ చేసి ట్రస్ట్ నొక్కండి, పచ్చ టిక్ వచ్చేస్తుంది” అని చెబుతారు. నిజమే, వస్తుంది. కానీ ఎవరైనా సొంతంగా ఏ పేరుతోనైనా ఒక సర్టిఫికెట్ తయారుచేసుకోవచ్చు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో రెండు నిమిషాల పని. దానికీ మీరు ట్రస్ట్ నొక్కితే పచ్చ టిక్కే వస్తుంది. కాబట్టి నొక్కేముందు ‘షో సర్టిఫికెట్’ తెరిచి గొలుసు పైకొస సీసీఏ ఇండియా దాకా వెళ్తుందో లేదో చూడాలి. టిక్ రంగు కంటే ఆ గొలుసు ముఖ్యం.

ఇంకో మాట. ఇలాంటి పీడీఎఫ్‌ని ప్రింట్ తీస్తే సంతకం అక్కడే చచ్చిపోతుంది. హ్యాష్ ఉండేది ఫైల్లో, కాగితంలో కాదు. మీసేవ సర్టిఫికెట్ల మీద ఒక నంబర్ వేసి వెబ్‌సైట్‌లో సరిచూసుకోమనేది అందుకే. డిజిటల్ సంతకం ఉన్న సర్టిఫికెట్‌ని ప్రింట్ తీయించి, జిరాక్స్ చేయించి, దాని మీద గెజిటెడ్ ఆఫీసర్‌తో పచ్చ ఇంకు సంతకం పెట్టించుకురమ్మనే కౌంటర్లు ఇంకా ఉన్నాయి. వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు, పెట్టించుకుని వస్తాను.

ఇక చట్టం. మన ఐటీ చట్టం 2000 అక్టోబర్ 17న అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ 3 చదివితే మన సిలబస్ చదివినట్టే ఉంటుంది. అసిమ్మెట్రిక్ క్రిప్టో సిస్టమ్, హ్యాష్ ఫంక్షన్ అని పేర్లు పెట్టి మరీ రాశారు. హ్యాష్ నుంచి అసలు రికార్డుని వెనక్కి రాబట్టడం, రెండు వేర్వేరు రికార్డులకి ఒకే హ్యాష్ రావడం కంప్యూటర్ లెక్కలకి అందనంత కష్టంగా ఉండాలని కూడా చట్టంలోనే ఉంది. పార్లమెంటు చేసిన చట్టంలో ప్రీ-ఇమేజ్, కొలిజన్ రెసిస్టెన్స్ చూస్తానని నేను అనుకోలేదు.

కానీ ఒకే టెక్నాలజీని చట్టంలో రాసేస్తే రేపు ఇంకోటి వస్తే ఎలా? అదే ఏడాది అమెరికా ఎదురుదారిలో వెళ్లింది. 2000 జూన్ 30న క్లింటన్ సంతకం పెట్టిన ఈ-సైన్ చట్టం ఏ టెక్నాలజీనీ పట్టుకోలేదు. సంతకం పెట్టే ఉద్దేశంతో చేసిన గుర్తు ఏదైనా, టైప్ చేసిన పేరైనా, నొక్కిన బటనైనా సంతకమే అంది. ఆ రోజు క్లింటన్ స్మార్ట్ కార్డుతో కూడా సంతకం పెట్టి చూపించాడు. పాస్‌వర్డ్ ఆయన కుక్క పేరు, బడ్డీ. పత్రికలన్నీ రాశాయి కాబట్టి ప్రపంచమంతటికీ తెలిసిపోయింది. మన సీనియర్లు ఎంఎస్‌కి వెళ్లి అపార్ట్‌మెంట్ లీజు మీద డాక్యుసైన్‌లో పేరు టైప్ చేసి ఓకే నొక్కితే అక్కడ చెల్లేది ఈ చట్టం వల్లే. యూరప్ వాళ్లు మధ్యేమార్గంగా మూడు మెట్లు పెట్టుకున్నారు. అన్నిటికన్నా పై మెట్టుకి మాత్రమే చేతి సంతకంతో పూర్తి సమాన హోదా.

మనవాళ్లు 2008లో చట్టాన్ని సవరించారు, అది 2009 అక్టోబర్ 27 నుంచి అమలైంది. డిజిటల్ సంతకానికి తోడు ‘ఎలక్ట్రానిక్ సంతకం’ అనే పెద్ద గొడుగు వచ్చింది. అయితే ఏ పద్ధతి పడితే అది ఆ గొడుగు కిందకి రాదు, చట్టం రెండో షెడ్యూల్లో చేర్చినవే వస్తాయి. 2015లో అలా చేరిందే ఆధార్ ఈ-సైన్. దాని సంగతి కాసేపట్లో.

చట్టం మొదటి షెడ్యూల్ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. వీటికి ఈ చట్టం వర్తించదు అని చెప్పే జాబితా అది. వీలునామా, ట్రస్టు పత్రం, పవర్ ఆఫ్ అటార్నీ, చెక్కు తప్ప మిగతా నెగోషియబుల్ పత్రాలు, స్థిరాస్తి అమ్మకం ఒప్పందాలు మొదట్లో అందులో ఉండేవి. 2022లో కేంద్రం దాన్ని కొంచెం సడలించింది. స్థిరాస్తి పద్దు తీసేసింది. రిజర్వ్ బ్యాంక్, సెబీ లాంటి సంస్థల అజమాయిషీలో ఉన్నవాళ్ల పేరిట రాసే డిమాండ్ ప్రామిసరీ నోటుకి, పవర్ ఆఫ్ అటార్నీకి మినహాయింపు ఇచ్చింది. అంటే మీరు ఎడ్యుకేషన్ లోన్ తీసుకునేటప్పుడు బ్యాంకుకి రాసిచ్చే నోటు ఎలక్ట్రానిక్‌గా ఉండొచ్చు. ఊళ్లో చేబదులు తీసుకుని రాసే నోటుకి మాత్రం ఇంకా రెవెన్యూ స్టాంపు, పెన్ను, ‘అక్షరాలా’ కావాల్సిందే. తాతయ్య వీలునామా పీడీఎఫ్‌లో కుదరదు.

మనకి దగ్గరగా వచ్చేది ఆఫర్ లెటర్. ప్లేస్‌మెంట్ సీజన్‌లో కంపెనీ పంపిన లింకు తెరిచి, పేరు టైప్ చేసి, ‘ఐ యాక్సెప్ట్’ నొక్కేస్తాం. అందులో రెండేళ్ల బాండ్ ఉందని తర్వాత ఎవరో చెబుతారు. “అది అసలైన డిజిటల్ సంతకం కాదు కదా, చెల్లదులే” అని ధైర్యం చెప్పే సీనియర్ ప్రతి బ్రాంచిలో ఒకడుంటాడు. వాడి మాట వినకండి. ఎలక్ట్రానిక్‌గా కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టం సెక్షన్ 10ఏ చెబుతుంది. ఈమెయిళ్లలో కుదిరిన ఒప్పందం కూడా ఒప్పందమేనని 2010లో ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బాండ్‌లోని షరతు న్యాయమైనదా కాదా అన్నది వేరే పోరాటం, దానికి సంతకం సాకు పనికిరాదు.

అయితే క్లిక్‌కీ అసలు డిజిటల్ సంతకానికీ తేడా ఎక్కడొస్తుంది? రుజువు చేసే బరువు ఎవరి మీద అన్న దగ్గర. క్లిక్ అయితే, నొక్కింది మీరే అని కంపెనీ చూపించుకోవాలి. సర్వర్ లాగ్, ఐపీ అడ్రస్, ఈమెయిల్, వీటన్నింటికీ ఒక ధృవీకరణ పత్రం. 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో ఆ పత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది కదా, దాని సెక్షన్ 63 ప్రకారం ఇచ్చే పత్రంలో ఇప్పుడు ఫైల్ హ్యాష్ విలువ కూడా రాయాలి. మంచిదే. కానీ ఆ ఫారంలో ఎస్‌హెచ్‌ఏ-256 పక్కనే ఎండీ5, ఎస్‌హెచ్‌ఏ-1 కూడా ఎంచుకునేలా పెట్టారు. ఎండీ5కి 2004లోనే కొలిజన్లు చూపించారు. 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులు ఒకే ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్ వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లు తయారుచేసి ప్రపంచం ముందు పెట్టారు. 2023లో రాసిన ఫారంలో ఆ రెండు గడులూ ఎందుకున్నాయో నాకు అంతుపట్టదు.

టోకెన్‌తోనో ఈ-సైన్‌తోనో పెట్టిన సంతకం చట్టం చెప్పే ‘సురక్షిత’ కొలతకి అందితే బరువు అటునుంచి ఇటు మారుతుంది. అది మీరే, అంగీకరించే ఉద్దేశంతోనే పెట్టారని కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదంటే, కాదని మీరు చూపించాలి. ఇంత బలం ఎందుకిచ్చారంటే, సంతకం చేసే సమయంలో ఆ కీ సంతకందారు ఒక్కరి అదుపులోనే, ఇంకెవరి చేతిలోనూ లేకుండా ఉండాలన్న షరతు మీద. చెయ్యి స్థానంలో చట్టం పెట్టింది ఇదే, ఒక్కరి అదుపు.

ఆ అదుపు బయట ఎలా ఉందో ఒక ఉదాహరణ చెబుతాను. మా బాబాయ్ చిన్న కాంట్రాక్టర్, ఊళ్లలో సీసీ రోడ్లు, కల్వర్టులు చేస్తాడు. ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో టెండర్ వేయాలంటే డిజిటల్ సంతకం టోకెన్ కావాలి, చూడ్డానికి పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది. ప్రైవేట్ కీ అందులోంచి బయటికి రాకుండా కట్టిన పరికరం అది. దానిమీద ఎంతో ఇంజినీరింగ్ జరిగింది. ఒకరోజు ఆయనతో కలిసి ఆడిటర్ ఆఫీసుకి వెళ్లాను. సొరుగు తీస్తే ముప్పై దాకా టోకెన్లు, ఒక్కోదానికి పేరు రాసిన స్టిక్కర్, స్టిక్కర్ మీదే పిన్ నంబర్. బయటికొచ్చాక “బాబాయ్, అది మన దగ్గరుండాలి కదా” అన్నాను.

“నా దగ్గరుంటే నేనేం జేసుకుంటరా? నాకా కంప్యూటర్ రాకపాయె. సార్ ఇరవై ఏండ్ల సంది మన లెక్కలు జూస్తుండు” అన్నాడు.

ఆ సార్ మంచివాడే, నేను కాదనను. కానీ సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇస్తే పోయేది ఒక కాగితం. ఇది రెండు మూడేళ్ల గడువున్న చెక్కుబుక్కు మొత్తం, అదీ ఎన్ని కాగితాలున్నాయో లెక్కలేనిది. సెక్షన్ 42 ఏమంటుందంటే, ప్రైవేట్ కీ మీ అదుపు తప్పకుండా తగినంత జాగ్రత్త తీసుకోవడం మీ బాధ్యత. అదుపు తప్పితే వెంటనే సర్టిఫైయింగ్ అథారిటీకి చెప్పాలి. చెప్పేవరకు జరిగినదానికి మీరే బాధ్యులు. రేపు బాబాయ్ పేరిట ఏదైనా కాగితం బయటపడితే “సొరుగులో పెట్టాను సార్” అన్నది ఆయన్ని కాపాడే మాట కాదు, ఆయన జాగ్రత్త తీసుకోలేదనడానికి రుజువు.

పంచాయతీల్లో ‘డిజిటల్ కీ’ అనే మాట మీరు వినే ఉంటారు. ఈ-గ్రామస్వరాజ్‌లో బిల్లు చెల్లించాలంటే సర్పంచ్, కార్యదర్శి ఇద్దరి కీలూ పడాలి. మహిళా సర్పంచ్ కీ భర్త జేబులో ఉంటే, ఆ ఊరి ఖజానా మీద సంతకం ఎవరిది? ఓటు వేసినవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఇది, ఐటీ చట్టం కూడా అదే అడుగుతుంది.

టోకెన్ మన దగ్గర లేదు కదా అనుకోకండి. ఆధార్ ఈ-సైన్‌తో మనందరి చేతిలో ఒకటి ఉన్నట్టే. అది పనిచేసే తీరు బాగుంటుంది. లోన్ యాప్‌లోనో బ్యాంకు సైట్‌లోనో కాగితం మీ ముందుంటుంది. యాప్ ఆ కాగితం హ్యాష్‌ని మాత్రం ఈ-సైన్ సంస్థకి పంపుతుంది. మీ ఆధార్‌తో ఉన్న నంబర్‌కి ఓటీపీ వస్తుంది. మీరు కొట్టగానే ఆ సంస్థ సురక్షిత యంత్రంలో మీ పేరిట కొత్త కీల జంట పుడుతుంది, 30 నిమిషాల గడువుతో సర్టిఫికెట్ తయారవుతుంది, హ్యాష్ మీద సంతకం పడుతుంది, ప్రైవేట్ కీ చెరిగిపోతుంది. దొంగిలించడానికి తర్వాత కీ అంటూ మిగలదు.

కానీ ఇందులో రెండు మెలికలున్నాయి. సంతకం చేయించే సంస్థకి చేరేది హ్యాష్ కాబట్టి ఆ కాగితంలో ఏముందో దానికి తెలియదు. ఆ కాగితం చదవాల్సింది మీరొక్కరే. రెండోది, కీ పుట్టడానికి కావాల్సింది ఓటీపీ, అంటే ఇక్కడ ‘ఒక్కరి అదుపు’ అన్నది ఆ ఆరంకెల మీదకి వచ్చి నిలబడింది. డెలివరీ బాయ్‌కి చెప్పే ఓటీపీకీ దీనికీ చూడ్డానికి తేడా ఉండదు. ఒకటి పార్సిల్, ఇంకోటి చేవ్రాలు. రూమ్‌మేట్ “నా సిబిల్ బాలేదురా, నీ ఆధార్ మీద చిన్న లోన్ తీస్తా, ఓటీపీ చెప్పు” అంటే మీరు ఇస్తున్నది మాట సాయం కాదు, ఆ లోన్ కాగితం మీద మీ సంతకం. మీకు తెలియకుండా వాడే తీసుకుని వాడితే సెక్షన్ 66సీ ఉంది. ఇంకొకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని, పాస్‌వర్డ్‌ని మోసపూరితంగా వాడితే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఓటీపీ మీరే చెప్పి ఉంటే మాత్రం ఆ సెక్షన్ వైపు వెళ్లే దారి చాలా ఇరుకైపోతుంది.

చేతనైన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ఈ-సైన్ అయ్యాక సంతకం పడిన పీడీఎఫ్‌ని అప్పుడే దించుకుని మీ మెయిల్లో పెట్టుకోండి. తర్వాత కంపెనీ ఇంకో కాపీ చూపిస్తే, మీ సంతకం ఉన్నది ఏ రాత మీదో మీ ఫైలే చెబుతుంది. ఇంట్లోవాళ్ల టోకెన్ ఎక్కడుందో అడగండి, పిన్ మార్పించండి, పోయిందనుకుంటే సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకి రాసి రద్దు చేయించండి. మా బాబాయ్ టోకెన్ ఇప్పుడు మా పిన్ని బీరువాలో ఉంది, టెండర్ రోజున ఆడిటర్ ఆఫీసుకి వెళ్లి తానే పెట్టి తీసుకొస్తున్నాడు, దారి పొడుగునా నన్ను తిట్టుకుంటూ. ఇంకోటి, యూఐడీఏఐ సైట్‌లో ‘అథెంటికేషన్ హిస్టరీ’ అని ఉంటుంది. గడిచిన ఆరు నెలల్లో మీ ఆధార్‌ని ఎప్పుడు, ఏ పద్ధతిలో, ఓటీపీతోనా వేలిముద్రతోనా వాడారో అందులో వరుసగా ఉంటుంది. ఈ రాత్రి ఒకసారి తెరిచి, మీకు గుర్తులేని వరుస ఏదైనా ఉందేమో చూడండి.